ఎనభై మూడు ఆటలు, ఒకే ఓటమి

మన బడిలో చదువుకొని, ఇప్పుడు జగిత్యాల దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. సాయంత్రం పూట పిల్లలకు చదరంగం నేర్పుతుంటాను. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, నా విద్యార్థినులకు తరచూ చెప్పే ఒకామె జీవితం మీతోనూ పంచుకోవాలనిపించింది.

ఆమె పేరు వెరా మెంచిక్. 1906లో మాస్కోలో పుట్టింది. తండ్రి చెక్ దేశస్థుడు, తల్లి ఇంగ్లండు ఆవిడ. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి దగ్గర ఆట నేర్చుకుంది. రష్యా విప్లవం తర్వాత, 1921లో, తల్లీ చెల్లెలూ తానూ ఇంగ్లండులోని హేస్టింగ్స్ చేరారు. ఇంగ్లీషు సరిగా రాని ఆ పిల్లకు, మాటలు అక్కర్లేని చదరంగమే తోడైంది. అక్కడ హంగరీ గ్రాండ్‌మాస్టర్ గేజా మారోట్సీ ఆమెకు గురువయ్యాడు.

1927లో లండన్‌లో మొట్టమొదటి మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. వెరా 11 ఆటల్లో 10 గెలిచి, ఒకటి డ్రా చేసుకుంది. 1931, 1933, 1935, 1937 పోటీల్లో ఆడిన 45 ఆటలకు 45 గెలిచింది. 1939లో బ్యూనస్ ఎయిరిస్‌లో పోటీలు నడుస్తుండగానే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అక్కడా 19 ఆటల్లో 17 గెలుపులు, 2 డ్రాలు. మొత్తం ఏడు చాంపియన్‌షిప్‌లు, 83 ఆటలు: 78 గెలుపులు, 4 డ్రాలు, ఒకే ఒక్క ఓటమి. లెక్కల టీచరుగా చెప్తున్నా, నూటికి 96 మార్కులకు పైనే!

అయితే నేను పిల్లలకు ముఖ్యంగా చెప్పేది ఈ మార్కుల గురించి కాదు. ఆ గెలుపులతోనే ఆమె హాయిగా ఉండిపోవచ్చు. కానీ మగవాళ్ల పెద్ద టోర్నీలకూ వెళ్లింది. 1929లో కార్ల్స్‌బాడ్‌లో 21 ఆటలకు 3 పాయింట్లే వచ్చాయి, ఆఖరి స్థానం. 1935లో మాస్కోలో 19 ఆటలకు ఒకటిన్నర పాయింటే, అక్కడా ఆఖరే. అయినా వెళ్లడం మానలేదు. కార్ల్స్‌బాడ్‌లో ఆల్బర్ట్ బెకర్ అనే ఆటగాడు, ఆమె చేతిలో ఓడినవాళ్లందరినీ వెరా మెంచిక్ క్లబ్బులో చేర్చాలని ఎగతాళి చేశాడట. ఆ క్లబ్బులో మొదట చేరింది ఆయనే! తర్వాత మన ఉపఖండం నుంచి వెళ్లిన మీర్ సుల్తాన్ ఖాన్, 1935లో ప్రపంచ చాంపియన్ అయిన మాక్స్ ఊవే కూడా ఆమె చేతిలో ఓడారు. 1929లోనే రామ్స్‌గేట్‌లో కాపాబ్లాంకా తర్వాత రూబిన్‌స్టైన్‌తో సమానంగా రెండో స్థానంలో నిలిచింది. గురువు మారోట్సీ ఆమె వెనకే ఉండిపోయాడు.

1944 జూన్‌లో లండన్‌లో ఆమె ఇంటి మీద జర్మన్ల వీ-1 బాంబు పడింది. తల్లి, చెల్లెలు, వెరా ముగ్గురూ చనిపోయారు. అప్పటికి ఆమెకు 38 ఏళ్లు. ఫిడే గ్రాండ్‌మాస్టర్ బిరుదులివ్వడం 1950లో గాని మొదలుకాలేదు కాబట్టి ఆ బిరుదు ఆమెకు అందలేదు. కానీ మహిళల ఒలింపియాడ్‌లో గెలిచిన జట్టుకిచ్చే కప్పుకు ఆమె పేరే పెట్టారు. 2024లో బుడాపెస్ట్‌లో ఆ కప్పు మొదటిసారి భారత్‌కు వచ్చింది. మొదటి బోర్డు మీద ఆడింది మన తెలుగమ్మాయి ద్రోణవల్లి హారిక. అదే ఒలింపియాడ్‌లో మన వరంగల్లు పిల్లగాడు అర్జున్ ఇరిగేశి 11 ఆటల్లో 10 పాయింట్లు సాధించాడు.

పూర్వ విద్యార్థుల సంఘం వారికి నాదొక మనవి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో చదరంగం ఆడే ఆడపిల్లలు ఇప్పుడు తక్కువేం లేరు. కానీ చాలాచోట్ల వాళ్లు తమలో తాము ఆడుకొని, చిన్న కప్పు తీసుకొని ఇంటికి పోతున్నారు. బాలికల బహుమతి అట్లాగే ఉంచండి. దానితోపాటు బాలబాలికలంతా కలిసి ఆడే టోర్నీ కూడా ఒకటి పెట్టండి. మొదట్లో మా పిల్లలు ఓడిపోతారేమో, ఓడనీయండి. తమకంటే గట్టివాళ్లతో ఆడితేనే ఆట పెరుగుతుంది.