గ్లాడ్‌స్టన్ వంశం.. ఒక పేరు, రెండు వారసత్వాలు

విక్టోరియా రాణి కాలంలో నాలుగు పర్యాయాలు బ్రిటన్ ప్రధానమంత్రి పదవిని అధిష్ఠించిన విలియం ఇవార్ట్ గ్లాడ్‌స్టన్ పేరు చరిత్ర పాఠాలు చదివిన వారికి సుపరిచితమే. ఐర్లండ్ స్వపరిపాలన కోసం సొంత పార్టీనే ఎదిరించి నిలిచిన రాజనీతిజ్ఞుడిగా ఆయన ప్రసిద్ధుడు. ఆయన వంశ చరిత్రకు మరో ముఖం ఉంది. ధాన్యం వర్తకుల ఇంట మొదలై, బానిసల శ్రమతో సంపన్నమై, ప్రభువంశంతో వియ్యమందిన ఈ కుటుంబ గాథలో భారతీయ కూలీల కష్టాలకూ చోటుంది.

ధాన్యం కొట్టు నుంచి చెరకు తోటలకు..

గ్లాడ్‌స్టన్ పూర్వీకులది స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్ ప్రాంతం. వారి ఇంటిపేరు తొలుత గ్లెడ్‌స్టేన్స్. తాత థామస్ లీత్ రేవు పట్టణంలో ధాన్యం వర్తకుడు. ఆయన పెద్ద కుమారుడు జాన్ లివర్‌పూల్‌కు తరలివెళ్లి, ధాన్యం వ్యాపారంతో స్థిరపడ్డారు. ఆ తరువాత దక్షిణ అమెరికా తీరాన ఉన్న డెమెరారాలో చెరకు తోటలు సంపాదించారు. నేటి గయానా దేశంలోనిదే ఆ ప్రాంతం. ఇంటిపేరును గ్లాడ్‌స్టన్‌గా 1835లో అధికారికంగా స్థిరపరచుకున్నారు. 1846లో ఆయనకు బారొనెట్ బిరుదు లభించింది.

జాన్, ఆన్ దంపతులకు ఆరుగురు సంతానం. వారిలో అయిదోవాడైన విలియం 1809 డిసెంబరు 29న లివర్‌పూల్‌లోని రాడ్నీ వీధిలో జన్మించారు. తల్లి, పెద్దక్క ఆన్ నేర్పిన దైవభక్తి ఆయన జీవితాంతం వెన్నంటి నిలిచింది. అక్క 1829లో, తల్లి 1835లో కన్నుమూశారు. చెల్లెలు హెలెన్ 1842లో కేథలిక్ మతాన్ని స్వీకరించడం ఇంట కలతలు రేపింది. నల్లమందు వ్యసనంతో ఆమె జీవితం ఛిద్రమైంది.

యజమాని పేరే ఇంటిపేరై..

జాన్ గ్లాడ్‌స్టన్‌కు చెందిన సక్సెస్ తోటలో 1823 ఆగస్టులో బానిసల తిరుగుబాటు చెలరేగింది. అది పరిసర తోటలకూ పాకింది. దానికి నాయకత్వం వహించిన వారిలో క్వామినా అనే వడ్రంగి, ఆయన కుమారుడు జాక్ ముఖ్యులు. నాటి ఆచారం ప్రకారం యజమాని పేరే బానిసకు సంక్రమించేది. అందువల్ల ఆ యువకుడు కూడా చరిత్రలో జాక్ గ్లాడ్‌స్టన్‌గానే నిలిచాడు. తిరుగుబాటును సైన్యం అణచివేసింది. వందలాది మంది హతులయ్యారు. క్వామినాను కాల్చి చంపారు. జాక్‌ను సెయింట్ లూసియా దీవికి పంపివేశారు.

పదేళ్ల తరువాత పార్లమెంటులో బానిసత్వ రద్దు చర్చకు వచ్చింది. తండ్రి తోటల నిర్వహణపై విమర్శలు వెల్లువెత్తగా, యువ సభ్యుడైన విలియం 1833 జూన్ 3న సభలో లేచి ఆ తోటలను సమర్థించారు. విముక్తి క్రమంగా జరగాలన్నది నాటి ఆయన వాదన. బానిసత్వం రద్దయినప్పుడు పరిహారం అందింది బానిసలకు కాదు, యజమానులకు. 2,508 మంది బానిసలకు గాను జాన్‌కు 1,06,769 పౌండ్లు ముట్టాయి.

కలకత్తా నుంచి ఓడలు..

విముక్తులైన బానిసలు తోటల్లో కొనసాగరన్న భయంతో జాన్ 1836లో కలకత్తాలోని గిలాండర్స్, అర్బత్‌నాట్ సంస్థకు లేఖ రాసి భారతీయ కూలీలను కోరారు. ఫలితంగా విట్బీ, హెస్పెరస్ అనే ఓడలు కలకత్తా నుంచి బయలుదేరాయి. నాలుగు వందల మందికి పైగా ఓడలెక్కగా, 1838 మే 5న డెమెరారా తీరం చేరినవారు 396 మందే. వారిలో చాలామంది ఛోటా నాగపూర్ గిరిజనులు. తరువాతి దశాబ్దాల్లో మద్రాసు రేవు మీదుగా తెలుగు, తమిళ కూలీలూ అదే దారి పట్టారు. మే 5ను గయానాలో భారతీయుల రాక దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

ప్రభువంశంతో వియ్యం

విలియం 1839 జూలై 25న వేల్స్‌లోని హావార్డెన్‌లో కేథరిన్ గ్లిన్‌ను వివాహమాడారు. అదే ముహూర్తాన ఆమె చెల్లెలు మేరీకి లార్డ్ లిటిల్టన్‌తో వివాహం జరిగింది. కేథరిన్ తల్లివైపున రాజకీయ ప్రముఖుల వంశానికి చెందినవారు. ఆమె అమ్మమ్మ ప్రధాని జార్జి గ్రెన్‌విల్ కుమార్తె. ఆ అమ్మమ్మకు సోదరుడైన విలియం గ్రెన్‌విల్ ప్రధానిగా ఉండగానే, 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. బానిసల యజమాని కుమారుడు ఆ ఇంటికి అల్లుడయ్యారు.

బావమరిది స్టీఫెన్ గ్లిన్ అవివాహితుడు. హావార్డెన్ కోటలో అందరూ ఉమ్మడిగానే నివసించారు. 1847లో గ్లిన్ కుటుంబానికి చెందిన ఓక్ ఫారం ఇనుప కర్మాగారం దివాలా తీయడంతో ఎస్టేటు అప్పుల పాలైంది. దాన్ని నిలబెట్టే భారం గ్లాడ్‌స్టన్‌పై పడింది. తండ్రి నుంచి సంక్రమించిన సొమ్ము అందుకు ఆసరా అయింది.

ఎనిమిది మంది సంతానం

గ్లాడ్‌స్టన్ దంపతులకు నలుగురు కుమారులు, నలుగురు కుమార్తెలు. నాలుగేళ్ల జెస్సీ 1850 ఏప్రిల్‌లో మెదడువాపుతో మరణించింది. తండ్రి ఆ పసి దేహాన్ని రైలులో స్కాట్లాండ్‌లోని ఫాస్క్‌కు తీసుకువెళ్లి కుటుంబ సమాధిలో ఖననం చేయించారు. మరదలు మేరీ పన్నెండు మంది పిల్లలను విడిచి 1857లో మరణించగా, కేథరిన్ వారికి తల్లిలా అండగా నిలిచారు. వారిలో లూసీ భర్త, వరుసకు అల్లుడైన లార్డ్ ఫ్రెడరిక్ కావెండిష్‌ను గ్లాడ్‌స్టన్ 1882లో ఐర్లండ్ ముఖ్య కార్యదర్శిగా పంపారు. మే 6న డబ్లిన్‌లో అడుగుపెట్టిన రోజునే ఆయన హత్యకు గురయ్యారు. అంత దుఃఖంలోనూ ఐర్లండ్‌పై గ్లాడ్‌స్టన్ వైఖరి కఠినం కాలేదు.

పెద్ద కుమారుడు విలియం హెన్రీ 1891లో తండ్రి కళ్లెదుటే మరణించారు. స్టీఫెన్ హావార్డెన్ చర్చిలో మతాచార్యుడయ్యారు. మేరీ తండ్రికి కార్యదర్శిగా సహకరించారు. హెలెన్ కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కళాశాలలో ఉప ప్రధానాచార్యులుగా పనిచేశారు. హెన్రీ కలకత్తాకు వచ్చి, తాత లేఖ రాసిన గిలాండర్స్ సంస్థలోనే వ్యాపారం సాగించారు. చిన్నవాడు హెర్బర్ట్ హోం మంత్రిగా, దక్షిణాఫ్రికా తొలి గవర్నర్ జనరల్‌గా పనిచేశారు.

కాలం మారింది.. ఖాతా మిగిలింది

యౌవనంలో తండ్రిని సమర్థించిన గ్లాడ్‌స్టన్ వృద్ధాప్యంలో బానిసత్వ రద్దును సంపన్న వర్గాలు పొరబడిన విషయాల్లో ఒకటిగా పేర్కొన్నారు. 1898 మే 19న హావార్డెన్‌లో తుదిశ్వాస విడిచారు. 1900లో మరణించిన కేథరిన్‌ను వెస్ట్‌మినిస్టర్ అబేలో ఆయన పక్కనే ఖననం చేశారు. హావార్డెన్ వారసుడైన మనుమడు విలియం 1915 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో నేలకొరిగారు.

కథ అంతటితో ముగియలేదు. జాన్ గ్లాడ్‌స్టన్ వారసులు కొందరు 2023 ఆగస్టులో గయానాకు వెళ్లి, తమ పూర్వీకుడు బానిసలను ఉంచుకున్నందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. భారతీయ కూలీలకు జరిగిన అన్యాయాన్నీ అంగీకరించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధనకు ఆర్థిక సాయం ప్రకటించారు. ఆ క్షమాపణ చాలదంటూ బానిసల వారసులు కొందరు అక్కడే నిరసన తెలిపారు. తోట యజమాని వంశవృక్షం నేటికీ పదిలంగా ఉంది. అదే పేరు మోసిన జాక్‌కు మాత్రం తండ్రి క్వామినా పేరు, తిరుగుబాటు సాక్ష్యాలు మిగిలాయి.