సిల్హెట్ ఓటు, జోగేంద్రనాథ్ మండల్

1904లో బరిసాల్ జిల్లాలో, నామశూద్ర కుటుంబంలో పుట్టారు జోగేంద్రనాథ్ మండల్. 1946లో బెంగాల్ నుంచి అంబేడ్కర్‌ను రాజ్యాంగ సభకు గెలిపించిన నాయకుడిగా ఆయన మనకు తెలుసు. సిల్హెట్ రెఫరెండంలో ఆయన పాత్ర గురించి మాత్రం తక్కువే మాట్లాడుకుంటాం.

అస్సాంలో ఉండాలా, తూర్పు బెంగాల్‌లో కలవాలా అని 1947 జూలై 6, 7 తేదీల్లో అక్కడ ఓటింగ్ జరిగింది. పేద ముస్లింల, దళితుల కష్టం ఒకటేనని నమ్మిన మండల్ షెడ్యూల్డ్ కులాల మధ్య పాకిస్తాన్ తరఫున ప్రచారం చేశారు. తూర్పు బెంగాల్‌కు 2,39,619, అస్సాంకు 1,84,041 ఓట్లు వచ్చాయి.

తేయాకు తోటల కూలీలకు మాత్రం ఓటు ఇవ్వలేదు. స్థిరనివాసులు కారన్నారు. వాళ్లలో ఆదివాసులు, దళితులే ఎక్కువ. దీనిపై కాంగ్రెస్ నేతలు, స్థానిక హిందువులు అభ్యంతరం చెప్పారు. పోలింగ్‌లో బెదిరింపులు జరిగాయనీ ఫిర్యాదు చేశారు. ఫలితం మారలేదు.

మండల్ పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి అయ్యారు. 1950 అక్టోబర్‌లో కలకత్తా నుంచి రాజీనామా పంపారు. దళితులపై దాడులను అందులో ఏకరువు పెట్టారు, సిల్హెట్ జిల్లా ఘటనలతో సహా. 1968లో కన్నుమూశారు.

ఆయన్ను ద్రోహి అని కొట్టిపారేయడాన్ని మేము ఒప్పుకోం. ఆ కూలీల ఓటు గురించి అడగకుండా ఆయన కథను ముగించడాన్నీ ఒప్పుకోం.