సమాన చిహ్నమును ప్రసాదించిన రాబర్టు రికార్డు

లెక్కల పుస్తకమున ఏ పుట తెరచినను సమానపు గుర్తు కనిపించును. మూడును నాలుగును కలిసి ఏడని వ్రాయునప్పుడు నడుమ రెండు చిన్న అడ్డగీతలను ఒకదాని క్రింద నొకటి గీయుదుము. ఒకటవ తరగతి బాలుడు మొదలు గొప్ప గణితవేత్త వరకు అందరును వాడు ఈ గుర్తు అనాదిగా వచ్చినది కాదు. దీనిని మొట్టమొదట అచ్చు పుస్తకమున వాడినవాడు 16వ శతాబ్దికి చెందిన రాబర్టు రికార్డు అను వైద్యుడు. ఆయన గొప్పతనము ఆ రెండు గీతలతోనే ముగియలేదు. పండితుల సొత్తుగా నుండిన గణితమును సామాన్యుల భాషలోనికి తెచ్చి, పిల్లలకు అర్థమగునట్లు బోధించిన ఉపాధ్యాయుడాయన.

రికార్డు సుమారు 1510 ప్రాంతమున వేల్సు దేశమందలి టెన్బీ అను రేవుపట్టణమున జన్మించెను. 1531లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఆ యేటనే అచటి ఆల్ సోల్సు కళాశాలలో సభ్యుడుగా ఎన్నికయ్యెను. తరువాత వైద్యము నభ్యసించి 1545లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్ర పట్టమును గ్రహించెను.

ఆ కాలమున యూరపు ఖండమందలి శాస్త్రగ్రంథములు చాలవరకు లాటిను భాషలో నుండెడివి. వర్తకులు, వడ్రంగులు, నావికులు లాటిను నెరుగరు. కాని లెక్క లేనిదే వారికి దినము గడవదు. మన దేశమున పుట్టి అరబ్బుల ద్వారా పశ్చిమమునకు చేరిన అంకెలు ఇంగ్లండు సామాన్యులలో అప్పటికింకను పూర్తిగా వ్యాపింపలేదు. పెక్కుమంది గీతలు గీసిన బల్లపై బిళ్ళలు పేర్చి కూడికలు, తీసివేతలు చేసెడివారు. ఈ స్థితిని చూచి రికార్డు 1543లో ‘ది గ్రౌండ్ ఆఫ్ ఆర్ట్సు’ అను అంకగణితమును ఇంగ్లీషున రచించెను. ‘విద్యలకు పునాది’ యని దాని భావము. ఇంగ్లీషున అచ్చయిన తొలి అంకగణితము ఇది కాకపోయినను, దీనికి వచ్చిన ప్రచారము మరి దేనికిని రాలేదు. నూటయేబది ఏండ్లకు పైగా ఇది మరల మరల ముద్రణ పొందెను. కలముతో చేయు లెక్కలనే కాక, వ్రాత రానివారి కొరకు బిళ్ళలతో చేయు లెక్కలను గూడ ఆయన అందు నేర్పెను.

ఆ గ్రంథము గురుశిష్యుల సంభాషణగా నడచును. మొదట శిష్యుడు సంఖ్యలను చులకన చేయును. గురువు కోపింపడు. సంఖ్యలు వాడకుండ తన ప్రశ్నలకు జవాబు చెప్పుమని మాత్ర మడుగును. నీ వయస్సెంత? వారమునకు దినములెన్ని? సంవత్సరమునకు వారములెన్ని? పాపము, శిష్యుడు నోరు మెదపలేకపోవును. సంఖ్య లేనిచో మనుష్యుడు మూగవాడగునని వానికి అప్పుడు తెలియును. పిదప పుస్తకమంతటను శిష్యుడు తొందరపడుచు, తప్పులు చేయుచు, సందేహము లడుగుచుండును. గురువు ఓపికతో ఉదాహరణములు చూపి దిద్దుచుండును.

ఐదుకు మించిన ఎక్కములు నోటికి రాని పిల్లలకు ఆయన చూపిన ఉపాయమొకటి కలదు. ఏడును ఎనిమిదిచే గుణింపవలెననుకొందము. ఏడు పదికి మూడు తక్కువ; ఎనిమిది పదికి రెండు తక్కువ. ఆ మూడును రెండును గుణించిన ఆరు వచ్చును. అది ఒకట్ల స్థానము. ఏడులో రెండు తీసినను, ఎనిమిదిలో మూడు తీసినను మిగులునది ఐదే. అది పదుల స్థానము. జవాబు ఏబదియారు. విద్యార్థులు ఆరును తొమ్మిదిని, తొమ్మిదిని ఎనిమిదిని ఇట్లే గుణించి చూడవచ్చును. ఇది ఎందువలన సరిపోవుచున్నదో పై తరగతులవారు బీజగణితముతో నిరూపింప ప్రయత్నింతురు గాక!

1551లో ఆయన క్షేత్రగణితమును ఇంగ్లీషున వ్రాసెను. శాస్త్రపదములకు ఆ భాషలో మాటలు చాలకపోగా, లాటిను పదములకు బదులు ఇంటిమాటలతో క్రొత్త పేర్లు కల్పించెను. పేరు వినగానే వస్తువు స్ఫురింపవలెనని ఆయన ఆశయము. ఆ మాటలలో పెక్కు నిలువలేదు. కాని తమ భాషలో శాస్త్రము చెప్పవచ్చునను ధైర్యము నిలిచినది. 1556లో ఖగోళ గ్రంథమును, 1557లో ‘ది వెట్‌స్టోన్ ఆఫ్ విట్టె’ అను బీజగణిత గ్రంథమును వెలువరించెను. దాని భావము ‘బుద్ధికి సానరాయి’ యని చెప్పవచ్చును. అందులోనే సమాన చిహ్నము పుట్టినది. సమానమను మాటను మాటిమాటికి వ్రాయు శ్రమ తప్పించుటకై ఆయన ఒకే పొడవుగల రెండు సమాంతర రేఖలను ఎన్నుకొనెను. వానికంటె సమానమైన వస్తువులు వేరు రెండు లేవని ఆయన తలంపు. లోకము దానిని వెంటనే స్వీకరింపలేదు. 1631లో హారియటు, ఆట్రెడు అను గణితవేత్తల గ్రంథములు వెలువడిన తరువాతనే ఇంగ్లండున అది స్థిరపడెను.

ఆయన భావమును మనము తరచు మరచుచున్నాము. మూడును నాలుగును ఐదును కూడుమన్నచో, కొందరు పిల్లలు 3 + 4 = 7 + 5 = 12 అని వ్రాయుదురు. జవాబు సరియైనదే, కాని వ్రాత తప్పు. ఏలయన ఏడు పండ్రెండునకు సమానమని అందులో చెప్పినట్లగును. సమానపు గుర్తునకు ‘జవాబు ఇదిగో’ యని అర్థము కాదు. ఇరువైపుల నున్నవి ఒక్కటే యని అర్థము.

ఇంతటి ఉపకారికి జీవితము సుఖముగా సాగలేదు. 1549లో బ్రిస్టలు టంకశాలలో అధికారిగా నుండగా విలియం హెర్బర్టు అను ప్రభువుతో వైరము కలిగి, అరువది దినములు నిర్బంధమున నుండవలసివచ్చెను. 1551లో ఐర్లండు గనులపై అధికారిగా నియమితుడయ్యెను. ఆ పని ఫలింపకపోగా 1553లో వెనుకకు పిలిపింపబడెను. తరువాత హెర్బర్టుపై ఆయన నేరము మోపగా, ఆ ప్రభువు పరువునష్టపు దావా గెలిచి వేయి పౌనుల పరిహారమునకు తీర్పు పొందెను. లోకమునకు లెక్కలు నేర్పినవాడు ఆ సొమ్ము చెల్లింపలేక లండను నగరమందలి కింగ్సు బెంచి కారాగారమున 1558లో కన్నుమూసెను. ఐర్లండు కొలువునకు గాను ఆయన వారసులకు ప్రభుత్వము 1570లో పరిహారమిచ్చినది.

దేశభాషలో గణితము చెప్పుట మనకు క్రొత్త గాదు. కన్నడదేశమున మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును, రికార్డు పుట్టుకకు శతాబ్దుల పూర్వమే, పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పరభాషల నడుమ నివసించుచు తెలుగున లెక్కలు నేర్చు బాలబాలికలు ఈ మాట గుర్తుంచుకొందురు గాక! వారి తల్లిదండ్రులు పిల్లలతో అంగడికి పోయినప్పుడు బేరము లెక్కను తెలుగున చెప్పించినచో, మల్లనకును రికార్డునకును అంతకు మించిన నివాళి లేదు.