యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. బాల్యమంతా లేమిలో గడిచింది. అరటిపండ్లమ్మి ధనవంతుడు కావాలని కాశీకి పారిపోబోయిన ఈ బాలుడు మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణుడు కాలేదు.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి అది రుచించలేదు. తత్ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. అంతకంటె పెద్ద దెబ్బ ఇంట తగిలింది. ఎనిమిది రోజుల వ్యవధిలో ఒక అన్న, ఒక తమ్ముడు స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధికి బలి అయ్యారు. ఆ వ్యాధిని నయం చేసే మందు అప్పటి వైద్యుల వద్ద లేదు.

1922లో సుబ్బారావు బోస్టన్ నగరం చేరుకున్నారు. స్వదేశంలో ఉండిపోయిన భార్య శేషగిరి మళ్ళీ ఆయనను చూడలేదు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నారు. తరువాత ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలను గుర్తించి, కండరాలకు శక్తి ఎక్కడిదో తెలిపారు. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వతోద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూకు అది మందయింది. గోదావరి తీరవాసులకు చిరపరిచితమైన బోదకాలుకు హెట్రజాన్ కూడ ఆ ప్రయోగశాల నుండే వచ్చింది.

ఫోలిక్ ఆమ్లం లేనిదే కణాలు విభజన చెందలేవు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాని సంబంధిత పదార్థాలను లుకేమియా పిల్లలకు ఇవ్వగా వ్యాధి మరింత విజృంభించినట్లు కనిపించింది. అలాగయితే ఆ ఆహారాన్నే అడ్డుకొంటే? లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, కణాన్ని మోసగించే అమినోప్టెరిన్‌ను రూపొందించింది. దానిని పుచ్చుకొన్న 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించినట్లు ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ గుణం తాత్కాలికమే. కాని మందుతో లుకేమియా వెనుకంజ వేయడం వైద్యలోకానికి కొత్త. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు 53 ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆ కుటుంబంలోని మరొక మందు మెథోట్రెక్సేట్. శరీరానికి కావలి కాయవలసిన తెల్లకణాలే లుకేమియాలో దారితప్పి మెదడు పొరలలో దాగుతాయి. రక్తానికీ మెదడుకూ నడుమ ప్రకృతి కట్టిన అడ్డుగోడ వలన సామాన్య మోతాదులో మందు అక్కడికి తగినంత చేరదు. కాబట్టి దానిని వెన్నుద్రవంలోకే ఎక్కిస్తారు. మెదడులోనే పుట్టే లింఫోమా అనే కంతి కూడ అటువంటి కణాలదే. వైద్యులు చిన్న ముక్క తీసి, కణాలపై సిడి-20 అనే ప్రోటీన్ ఉన్నదేమో చూస్తారు. అది అవి బి-కణాలని తెలిపే ఆనవాళ్ళలో ఒకటి. వ్యాధి నిర్ధారణ అయ్యాక మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో నరం ద్వారా ఇస్తారు. కొన్ని గంటల తరువాత, ఆరోగ్యంగా ఉన్న కణాలను కాపాడడానికి ల్యూకోవోరిన్ ఇస్తారు. అది ఫోలిక్ ఆమ్లానికి మరొక రూపమే.