డాల్టన్ కళ్లు చెప్పిన నిజం

పరమాణు సిద్ధాంతం చదివిన ప్రతి విద్యార్థికీ జాన్ డాల్టన్ పేరు తెలుసు. ఆయన కళ్ల సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

డాల్టన్ 1766లో ఉత్తర ఇంగ్లండ్‌లోని ఈగిల్స్‌ఫీల్డ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రిది నేతపని. వాళ్లది క్వేకర్ కుటుంబం. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పట్టాలు ఇంగ్లండ్ చర్చికి చెందినవాళ్లకే ఇచ్చేవారు. అందుకే ఆయన చాలావరకు సొంతంగానే చదువుకున్నారు. పన్నెండేళ్లకే ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. 1793లో మాంచెస్టర్ చేరి, అక్కడి కాలేజీలో లెక్కలు, సైన్సు బోధించారు.

అంతకు ఏడాది ముందు ఒక జెరేనియం పువ్వు ఆయన్ని ఆలోచనలో పడేసింది. అసలు ఆ పువ్వు గులాబీ రంగుది. పగటి వెలుగులో ఆయనకు ఆకాశనీలంగా కనిపించింది. రాత్రి కొవ్వొత్తి వెలుగులో చూస్తే నీలం ఛాయే లేదు. స్నేహితులను అడిగితే తమకేమీ తేడా లేదన్నారు. ఒక్క అన్నకు మాత్రం తనలాగే కనిపించింది. అంటే ఇది ఇంట్లోనే ఉందన్నమాట!

డాల్టన్ దాన్ని దాచుకోలేదు. 1794లో మాంచెస్టర్ పండితుల సభలో అంతా వివరించారు. తనకు ఎరుపు దాదాపు నీడలా ఉంటుందని, నారింజ, పసుపు, ఆకుపచ్చ ఒకే రంగులా తోస్తాయని చెప్పారు. వర్ణాంధత్వం గురించి ఇంత వివరంగా రాసిన తొలి శాస్త్రవేత్తల్లో ఆయన ఒకరు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండి, ఎర్ర కాంతిని పీల్చేస్తోందని ఆయన ఊహ. అది నిజమో కాదో తేల్చడానికి, తాను చనిపోయాక కళ్లు పరీక్షించమని కోరారు. ఒక రకంగా అది ఆయన వసియ్యత్.

1844 జూలై 27న డాల్టన్ కన్నుమూశారు. మర్నాడే డాక్టర్ జోసెఫ్ రాన్సమ్ ఒక కంటి ద్రవాన్ని బయటికి తీసి చూశారు. అందులో నీలం లేనే లేదు. రెండో కంటి వెనక భాగం కోసి, దాని గుండా చూశారు. ఎరుపు, ఆకుపచ్చ మామూలుగానే కనిపించాయి. డాల్టన్ ఊహ తప్పని తేలింది. కానీ కళ్లు భద్రంగా మిగిలాయి.

నూటయాభై ఏళ్ల తర్వాత, 1995లో శాస్త్రవేత్తలు ఆ కళ్లలోని డీఎన్‌ఏను పరీక్షించారు. మన కంటిలో రంగులు గుర్తించే శంకు కణాలు మూడు రకాలు. వాటిలో ఆకుపచ్చ కాంతిని బాగా పట్టే రకానికి కావలసిన జన్యువు డాల్టన్‌కు లేదు. లోపం ద్రవంలో కాదు, పుట్టుకలోనే ఉంది.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి ఆ క్రోమోజోమ్ ఒక్కటే ఉంటుంది, అదీ తల్లి నుంచే వస్తుంది. తల్లికి రెండు ఉంటాయి కాబట్టి ఒకదానిలో లోపమున్నా ఆమెకు రంగులు సాధారణంగా బాగానే కనిపిస్తాయి. అందుకే ఇది ఎక్కువగా మగపిల్లల్లోనే బయటపడుతుంది. ఇందులో తల్లి తప్పేమీ లేదు, పిల్లాడి తెలివికీ దీనికీ సంబంధం లేదు.

ఫ్రెంచివాళ్లు నేటికీ వర్ణాంధత్వాన్ని డాల్టనిజం అనే పిలుస్తారు.