ధర్మం సత్యమా? ఆచార్య సర్వేపల్లి రాధాకృష్ణన్ జీవితం

ఆచార్య సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక సామాన్య తెలుగు కుటుంబంలో జన్మించారు. భారత రాష్ట్రపతిగా ఆయనను అందరూ ఎరుగుదురు. అయితే రాజ్యపదవులకు ఎంతో ముందే ఆయనను పట్టుకొన్న ప్రశ్న ఒకటున్నది. మంచి, చెడు అనే మాటలకు మన ఇష్టాయిష్టాలను మించిన సత్యం ఉన్నదా?

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివే రోజులలో, వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శ ఆయన చెవిని పడింది. జగత్తే మాయ అయితే పుణ్యపాపాలు మాత్రం నిజమెట్లా అవుతాయన్నది ఆ ఆక్షేపణ. అది ఆ యువకుని మనస్సును నొప్పించింది. ఆయన ఆగ్రహించక అధ్యయనానికి పూనుకొన్నారు. వేదాంత నీతిపై ఎం.ఏ. పట్టం కోసం రచించిన వ్యాసం 1908లో గ్రంథరూపం పొందింది. మాయ అంటే శూన్యం కాదని, జగత్తు బ్రహ్మాన్ని ఆశ్రయించి ఉన్నదని ఆయన వాదించారు. అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అయినప్పుడు, పరులను హింసించడం తనను తాను హింసించుకోవడమే. క్రైస్తవుడైన గురువు ఏ.జి. హాగ్ ఆ వ్యాసాన్ని మెచ్చుకొన్నారు.

పిదప మైసూరు, కలకత్తా విశ్వవిద్యాలయాలలో బోధించి, 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులైనారు. 1936లో మన స్విండన్‌కు సమీపంలోనే ఉన్న ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్యమతాలకు, నీతిశాస్త్రానికి ఏర్పడిన స్పాల్డింగ్ ఆచార్యపీఠాన్ని తొలిసారిగా అలంకరించారు. అదే నగరంలో, అదే సంవత్సరం, ఏ.జె. అయర్ అనే యువ తత్త్వవేత్త ఒక సంచలన గ్రంథం వెలువరించారు. దొంగతనం తప్పు అన్న వాక్యం ఏ సత్యాన్నీ తెలుపదని, పలికేవాని అయిష్టాన్ని మాత్రమే వెలిబుచ్చుతుందని దాని వాదం. రాధాకృష్ణన్ మార్గం వేరు. ధర్మ శబ్దానికి మూలమైన ధాతువుకు నిలిపి ఉంచడం అని అర్థం. లోకాన్ని నిలిపేది కేవలం ఒకరి అభిరుచి కాజాలదు. హిందూచింతన లోకాన్ని నిరాకరిస్తుందన్న ష్వైట్జర్ విమర్శకు కూడా 1939 నాటి గ్రంథంలో ఆయన సవిస్తరంగా సమాధానమిచ్చారు.

1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి అయిన ఆయన 1975 ఏప్రిల్ 17న పరమపదించారు.

ధర్మమన్నది మీ ఇంటి ఆచారమేనా అని ఇక్కడి మన యువతను తోటివారు అడుగుతూనే ఉంటారు. ఇరవై యేండ్ల వయస్సులో ఆయనకు ఎదురైనదీ ఇటువంటి ప్రశ్నయే. ఆయన దానిని అవమానంగా భావించి తప్పుకోలేదు, తన గ్రంథాలను తెరచి చదివి సమాధానం వెదకుకొన్నారు.