అడిగే గొంతుకు పాతికేళ్లు

అడగందే అమ్మైనా పెట్టదంటారు మన పెద్దలు. మరి ఓటు లేని, సంఘం లేని, అర్జీ రాసుకునే వయసైనా రాని పిల్లల తరఫున ఎవరు అడగాలి? అమెరికాలో ఆ పనిని పాతికేళ్లుగా భుజాన వేసుకున్న సంస్థ ఆఫ్టర్‌స్కూల్ అలయన్స్. 2000లో పుట్టిన ఈ సంస్థకు 2025 రజతోత్సవ సంవత్సరం. బడి వదిలాక ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఒక నీడ, ఒక పెద్దదిక్కు, ఇంత తిండి, ఏదో ఒక కొత్త విద్య దొరకాలని ఊరూరా, చట్టసభ చట్టసభకూ తిరిగి అడుగుతూ వచ్చిన వాళ్లందరికీ అమెరికాలోని తెలుగు కుటుంబాల తరఫున మనసారా అభినందనలు.

వాళ్లు అడుగుతున్నది రోజుకు మూడు గంటల సంగతి. ఇక్కడ చాలా బడులు మధ్యాహ్నం మూడింటికల్లా వదిలేస్తాయి. అమ్మానాన్నల ఉద్యోగాలు ఐదింటికో ఆరింటికో గానీ ముగియవు. ఇండియా నుంచి అమ్మమ్మో నానమ్మో వచ్చి ఉన్నన్నాళ్లూ మన ఇళ్లలో ఆ లోటు తెలియదు. ఆవిడ తిరుగు విమానం ఎక్కిన మర్నాడే తెలిసొస్తుంది. ఒంటిచేత్తో పిల్లల్ని పెంచుకుంటున్న తల్లికి, హోటల్లోనో గోడౌన్లోనో గంటల లెక్కన పనిచేసే తండ్రికి ఆ లోటు ఏడాది పొడుగునా ఉంటుంది. నాలుగు డబ్బులున్నవాళ్లు పిల్లల్ని కరాటేకో కోడింగుకో పంపుకుంటారు. లేనివాళ్ల పిల్లలు తాళం చెవి సంచీలో వేసుకుని ఖాళీ ఇంటికి వెళ్లి తలుపు తీసుకుంటారు.

ఆ మూడు గంటలూ చక్కగా గడిచే చోటు ఎలా ఉంటుందో చూస్తే ఈ అభినందన ఎందుకో అర్థమవుతుంది. చివరి గంట మోగగానే పిల్లలు వరసగా కెఫెటీరియాకు వస్తారు. పేరు పిలిచి హాజరు వేస్తారు. ట్రేలో పాలు, ఒక పండు, తినడానికి ఏదో ఒకటి. ఆకలి తీరాక హోంవర్కు. లెక్క రాక బిక్కమొహం వేసిన పిల్లాడి పక్కన ఒక కాలేజీ అమ్మాయి నేల మీదే చతికిలబడి, కాగితం మడిచి భిన్నాలు చెబుతుంటుంది. ఒక మడతకు సగం, రెండో మడతకు పావు, మూడో మడతకు ఎనిమిదో వంతు. నాలుగో మడత పిల్లాడే వేసి, విప్పి, గళ్లు లెక్కపెట్టి పదహారని అరుస్తాడు. ఆ తర్వాత ఒకవైపు బాస్కెట్‌బాల్, ఒక గదిలో చదరంగం, ఇంకో గదిలో పిల్లలే బిగించిన చిన్న రోబో. ఆరింటికి గుమ్మం దగ్గర బల్ల మీద సంతకాల కాగితం ఉంటుంది. ఎవరి బిడ్డను ఎవరు, ఎన్నింటికి తీసుకెళ్తున్నారో రాసి సంతకం చేస్తేగానీ పంపరు. పని నుంచి పరుగున వచ్చిన తల్లికి కారెక్కేలోపే పిల్లాడు పదహారు గళ్ల కథంతా చెప్పేస్తాడు.

ఇదంతా ఉత్తినే నడవదు. ఆ కాలేజీ అమ్మాయికి జీతం, ఆ ట్రేలోకి తిండి, గదులకు కరెంటు, ఇంటికి చేర్చే బస్సు... అన్నింటికీ డబ్బు కావాలి. ఆ డబ్బు కోసం ఎవరో ఒకరు గట్టిగా అడగాలి.

అడిగే ఈ సంప్రదాయానికి ఒక పాత వేరుంది. ఆర్థికమాంద్యం నాటి 1935లో, మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్ నగరంలో వ్యాయామ విద్య చూసుకునే ఫ్రాంక్ మాన్లీ రోటరీ క్లబ్బులో మాట్లాడుతూ, పిల్లలకు ఆడుకునే చోటు లేదని తన గోడు వెళ్లబోసుకున్నారు. జనరల్ మోటార్స్‌ను నిలబెట్టిన తొలితరం పెద్దల్లో ఒకరైన చార్లెస్ స్టీవర్ట్ మాట్ ఆ మాటలు విన్నారు. ఊళ్లో ఇన్ని బడులుండగా సాయంత్రమయ్యేసరికి వాటికి తాళాలెందుకన్న ఆలోచన అక్కడ మొలిచింది. మాట్ ఫౌండేషన్ 6,000 డాలర్లు ఇచ్చింది. ఫ్లింట్ బడుల తలుపులు సాయంత్రాలు తెరుచుకున్నాయి. ఒక మాస్టారు నలుగురిలో నోరు విప్పి అడిగితే ఒక ఊరి పిల్లల సాయంత్రాలు మారాయి.

అదే ఫౌండేషన్ అరవై ఏళ్ల తర్వాత దేశమంతటికీ ఆ తలుపులు తెరిపించే పనిలో ముందు నిలిచింది. బడి తర్వాతి కేంద్రాలకు ప్రభుత్వ నిధులిచ్చే, 1994లో చట్టరూపం దాల్చిన ట్వంటీ ఫస్ట్ సెంచురీ కమ్యూనిటీ లెర్నింగ్ సెంటర్స్ పథకానికి 1998లో 4 కోట్ల డాలర్లు దక్కితే, 2002 నాటికి అది 100 కోట్ల డాలర్ల పథకమైంది. ఇంత వేగంగా ఎదుగుతున్న మొక్కకు కంచె కావాలి. మాట్ ఫౌండేషన్, అమెరికా విద్యాశాఖ, జేసీ పెన్నీ వంటి సంస్థలు చేతులు కలిపి 2000లో ఆఫ్టర్‌స్కూల్ అలయన్స్‌ను నిలబెట్టాయి. బడి తర్వాతి కేంద్రాలు నడిపేవాళ్లు దేశంలో వేలమంది ఉన్నారు. వాళ్లు పిల్లల్ని చూసుకోవాలి. వాళ్ల తరఫున వాషింగ్టన్‌లో కూర్చుని, బడ్జెట్‌లో ప్రతి అంకె మీదా కన్నేసి ఉంచేవాళ్లు వేరే ఉండాలి. అలయన్స్ పుట్టింది అందుకే.

పుట్టిన ఏడాదే, 2000 అక్టోబరులో, వాళ్లొక పండగ మొదలుపెట్టారు. పేరు లైట్స్ ఆన్ ఆఫ్టర్‌స్కూల్. సాయంత్రం బడిలో దీపాలు వెలుగుతూనే ఉండాలన్నది దాని భావం. ఇప్పుడు ఏటా అక్టోబరులో దేశంలో ఎనిమిది వేలకు పైగా చోట్ల, దాదాపు పది లక్షల మందితో ఈ పండగ జరుగుతుంది. న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కూడా ఈ పిల్లల కోసం పసుపు వెలుగులు కట్టుకుంది. ఇందులో మెచ్చుకోవాల్సిన నేర్పు ఒకటుంది. మేయర్లను, శాసనసభ్యులను, కాంగ్రెస్ సభ్యులను పిలుస్తారు. పిలిచి వేదిక మీద కూర్చోబెట్టి ఊరుకోరు. పిల్లల మధ్యకు తీసుకెళ్తారు. పదేళ్ల పిల్ల తన రోబో ఎందుకు ఎడమకే తిరుగుతోందో, దాన్ని సరిచేయడానికి ఏం చేసిందో వివరిస్తుంటే ఆ పెద్దమనిషి వంగి వింటాడు. రేపు సభలో బడి తర్వాతి కేంద్రాల నిధుల మాట వినబడగానే ఆయనకు గుర్తొచ్చేది ఆ పిల్ల.

మనసును కదిలించడంతోనే సరిపెట్టుకోకుండా లెక్కలు తీయడం వీళ్ల రెండో బలం. అమెరికా ఆఫ్టర్ త్రీ పీఎం పేరుతో 2004లో మొదలైన సర్వే, తల్లిదండ్రుల్నే నేరుగా అడిగి, బడి వదిలాక పిల్లలెక్కడుంటున్నారో లెక్క తేల్చింది. 2004లో బడి తర్వాతి కార్యక్రమాల్లో ఉన్న పిల్లలు 65 లక్షలు. 2014 నాటికి కోటీ 2 లక్షలు. పెద్దల తోడు లేకుండా ఉండే పిల్లలు 2004లో కోటీ 43 లక్షలైతే, 2020 నివేదిక నాటికి 77 లక్షలకు తగ్గారు. ఆ 2020 నివేదికలోనే గుండె కలుక్కుమనే అంకె కూడా ఉంది. కార్యక్రమాల్లో ఉన్నవాళ్లు 78 లక్షలకు పడిపోయారు. చోటుంటే మా పిల్లల్ని కూడా పంపుతాం అన్నవాళ్ల పిల్లలు 2 కోట్ల 46 లక్షలు. అంటే లోపలున్న ఒక్కొక్క బిడ్డకూ గుమ్మం బయట ముగ్గురు. తమకు అనుకూలమైన అంకెనూ, తమ పని ఇంకా ఎంత మిగిలిందో చెప్పే అంకెనూ ఒకే కాగితం మీద అచ్చువేసి అందరి ముందూ పెట్టారు. ఆ నిజాయితీకి చేతులెత్తి నమస్కరించాలి.

ఇక వీళ్ల ఓపిక గురించి చెప్పాలి. అమెరికాలో కమ్యూనిటీ లెర్నింగ్ సెంటర్స్ వంటి పథకానికి ఒకసారి డబ్బు వచ్చినంత మాత్రాన మళ్లీ వస్తుందన్న భరోసా లేదు. ఏటేటా కాంగ్రెస్ కొత్తగా కేటాయించాలి. ఏటేటా మళ్లీ మొదటి నుంచి అడగాలి. 2003లో ఈ పథకాన్ని 100 కోట్ల నుంచి 60 కోట్ల డాలర్లకు తగ్గించాలని ప్రభుత్వం ప్రతిపాదిస్తే, దేశం నలుమూలల నుంచీ తల్లిదండ్రులు, పోలీసు అధికారులు, బడిపెద్దలు గొంతు కలిపారు. కాంగ్రెస్ కోత పెట్టలేదు. 2017లో మొత్తం పథకాన్నే ఎత్తేయాలని, దీనివల్ల ఫలితాలున్నాయనడానికి ఆధారాల్లేవని ప్రభుత్వం అంది. అలయన్స్ అధ్యయనాలను ముందు పెట్టింది, తల్లిదండ్రుల చేత మాట్లాడించింది. కాంగ్రెస్ ఎత్తేయకపోగా 2018కి 121 కోట్ల డాలర్లు ఇచ్చింది. రజతోత్సవ సంవత్సరమైనా తీరిక దొరకలేదు. 2025 జూలై 1న రాష్ట్రాలకు అందాల్సిన నిధుల్ని ఆపేశారు. ఈ పథకం వాటాయే 130 కోట్ల డాలర్ల పైచిలుకు. వేసవి కేంద్రాలు నడుస్తుండగానే వచ్చిన కష్టం అది. అలయన్స్, దానితో పాటు ఎన్నో సంస్థలు రాత్రింబవళ్లు ఫోన్లు చేశాయి, ఉత్తరాలు రాశాయి, ఏ ఊళ్లో ఏ కేంద్రం మూతపడుతుందో పేరుపేరునా చెప్పాయి. పదిమంది రిపబ్లికన్ సెనేటర్లు సొంత పార్టీ ప్రభుత్వానికే లేఖ రాశారు. జూలై 18న ఈ పథకం డబ్బు విడుదలవుతుందని ప్రకటన వచ్చింది.

సొంత పార్టీ ప్రభుత్వానికే వాళ్లు లేఖ రాయడం వెనక పాతికేళ్ల సంస్కారం ఉంది. ఈ ఉద్యమం ఏనాడూ పిల్లలకు పార్టీ రంగు పులమలేదు. దీని అతిపెద్ద విజయాల్లో ఒకదానికి ముందు నిలిచింది రిపబ్లికన్ పార్టీకి చెందిన సినిమా కథానాయకుడు ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్. 2002 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు ఆయన తెచ్చిన ప్రొపొజిషన్ 49 నెగ్గింది. దాని ఫలంగా 2006 నుంచి ఆ రాష్ట్రం బడి తర్వాతి కార్యక్రమాలకు ఏటా 55 కోట్ల డాలర్లు పక్కన పెట్టడం మొదలైంది. ఆ ఎన్నిక జరిగిన మరుసటి ఏడాది ఆయన గవర్నరయ్యారు. లైట్స్ ఆన్ పండగకు జాతీయ సారథిగానూ పేరు పొందారు. అటు డెమొక్రాట్లలోనూ ఈ పిల్లల కోసం నిలబడినవాళ్లు తరతరాలుగా ఉన్నారు.

తిండి విషయంలో సాధించింది విడిగా చెప్పుకోవాలి. 2010లో వచ్చిన పోషకాహార చట్టంతో, అంతకుముందు కొన్ని రాష్ట్రాలకే పరిమితమైన సాయంత్రపు భోజనం అన్ని రాష్ట్రాల్లోని బడి తర్వాతి కేంద్రాలకూ వచ్చింది. పేదపేటల్లో చాలామంది పిల్లలకు రాత్రి భోజనం అదే. కోవిడ్ తర్వాత 2021లో బడులకు 12,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించినప్పుడు, రాష్ట్రాలు తమ వాటాలో కనీసం ఒక శాతం బడి తర్వాతి కార్యక్రమాలకూ, మరో శాతం వేసవి కార్యక్రమాలకూ ఖర్చు చేయాలని చట్టంలోనే రాశారు. చట్టంలో అలాంటి ఒక్క వాక్యం పడాలంటే దాని వెనక ఎన్ని సమావేశాలు, ఎన్ని విన్నపాలు ఉంటాయో ఆ పని చేసినవాళ్లకే ఎరుక.

2005 నుంచి ఈ సంస్థను నడిపిస్తున్న జోడీ గ్రాంట్ గారికి, ఆమె బృందానికి ప్రత్యేక అభినందనలు. వాళ్లతో పాటు యాభై రాష్ట్రాల్లోనూ ఉన్న ఆఫ్టర్‌స్కూల్ నెట్‌వర్కుల వాళ్లకు, ఆఫ్టర్‌స్కూల్ అంబాసిడర్లకు కూడా. వీళ్లలో చాలామంది పొద్దస్తమానం పిల్లల కేంద్రాలు నడిపి, రాత్రి కూర్చుని సెనేటర్లకు ఉత్తరాలు రాసేవాళ్లు. పిల్లలకు పాఠం చెప్పినవాళ్లు పిల్లలకు గుర్తుంటారు. ఆ పాఠం చెప్పే గది తెరిచి ఉండేలా చూసినవాళ్ల పేరు ఏ పిల్లకూ తెలియదు. తెలియకపోయినా పాతికేళ్లు చేశారు.

మన తెలుగువాళ్లకు ఈ పని విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. బడి బయట కూడా పిల్లలకు ఒక లోకం ఉండాలని నమ్మి, 1940లోనే మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘాన్ని నెలకొల్పిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి దంపతుల వారసులం మనం. పిల్లల ఆటపాటల్ని అక్కరలేని పనిగా కాక, వాళ్ల హక్కుగా చూడటం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాం. ఇక్కడ స్థిరపడ్డ మనలో చాలామంది పిల్లలకు కావలసిన తరగతులన్నీ కొనివ్వగలం. అదే బడిలో మన పిల్లల పక్క బెంచీలో కూర్చునే బిడ్డకు ఆ వీలు ఉండకపోవచ్చు. అభినందించడమంటే చప్పట్లు కొట్టి ఊరుకోవడం కాకూడదు. అక్టోబరు పండగకు మీ ఊరి బడికి వెళ్లండి. హైస్కూలు చదివే మీ అమ్మాయినో అబ్బాయినో వారానికి ఒక సాయంత్రం చిన్నపిల్లలకు లెక్కలు చెప్పడానికి పంపండి. బడ్జెట్ వేళ మీ కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయానికి ఒక్క ఫోన్ చేయండి. రెండు నిమిషాల పని అది. ఆ ఫోన్ల మీదే ఈ కేంద్రాలు నిలబడ్డాయి.

ఆఫ్టర్‌స్కూల్ అలయన్స్ పెద్దలారా, పిన్నలారా! పాతికేళ్లుగా మీ కోసం ఏమీ అడగకుండా, ఊరి పిల్లలందరి కోసం సిగ్గుపడకుండా, అలసిపోకుండా అడిగారు. కాదన్నవాళ్ల దగ్గరికే మరుసటి ఏడాది మళ్లీ వెళ్లారు. మీ గొంతు ఇలాగే గట్టిగా ఉండాలి, మీ బలగం పెరగాలి. గుమ్మం బయట ఎదురుచూస్తున్న ఆ ముగ్గురికీ లోపల చోటు దొరికిందన్న వార్తతోనే మీ స్వర్ణోత్సవం రావాలి. ఆ రోజు కోసం అడిగే గొంతుల్లో మా తెలుగు గొంతులు కూడా ఉంటాయని మాటిస్తూ, మీకు రజతోత్సవ శుభాకాంక్షలు!